'హైడ్రో' అనే పూర్వపదం: అర్థం, పుట్టుక, వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఉండేవారికి 'హైడ్రో' కొత్త మాట కాదు. గాజువాక ఆటోనగర్‌లో ఇనుప దూలం ఎత్తాలంటే హైడ్రా అనే క్రేనును పిలుస్తారు. రిఫైనరీలో పనిచేసేవారు హైడ్రోకార్బన్ల గురించి, నౌకాదళంలో ఉన్నవారు హైడ్రోగ్రఫీ గురించి మాట్లాడుకుంటారు. సీలేరు నుంచి వచ్చేది హైడల్ కరెంటు. మే నెల వచ్చిందంటే ఆసుపత్రుల్లో డీహైడ్రేషన్ కేసులు పెరుగుతాయి. ఈ మాటలన్నిటిలోనూ కనిపించే పదభాగం ఒకటే అయినా, అది అన్నిచోట్లా ఒకే అర్థాన్ని ఇవ్వదు. విద్యార్థులూ, సైన్సు పాఠాలు చెప్పేవారూ, సాంకేతిక విషయాలను తెలుగులోకి తెచ్చేవారూ తరచుగా లేవనెత్తే సందేహాలకు జవాబులు ఇవి.

'హైడ్రో' అంటే అసలు అర్థం ఏమిటి?

నీరు. ప్రాచీన గ్రీకులు నీటిని 'హ్యుదోర్' అనేవారు. మరో పదంతో కలిసి సమాసంగా మారేటప్పుడు అది 'హ్యుద్రో' అవుతుంది. తరువాతి పదం అచ్చుతో మొదలైతే చివరి ఒకారం జారిపోయి 'హ్యుద్ర్' మాత్రమే మిగులుతుంది. హైడ్రాలిక్, హైడ్రాంజియా వంటి మాటల్లో ఒకారం కనిపించకపోవడానికి కారణం ఇదే. గ్రీకు పదంలోని మొదటి అచ్చు, పెదవులను గుండ్రంగా చుట్టి 'ఇ' అని పలికితే వచ్చే ధ్వని. దానికి తెలుగులో అక్షరం లేదు. లాటిన్‌లోనూ లేకపోవడంతో రోమనులు గ్రీకు మాటలు రాసుకోవడానికి ఒక గ్రీకు అక్షరాన్నే అరువు తెచ్చుకున్నారు. ఆ అక్షరాన్ని ఇంగ్లీషువారు 'ఐ' అని పలకడం వల్ల మనకు 'హైడ్రో' వచ్చింది. ఇటలీవారు ఇదే పదభాగాన్ని 'ఇద్రో' అంటారు.

నీరు అన్నది మొదటి అర్థం. పద్దెనిమిదో శతాబ్దం చివర రసాయనశాస్త్రం దీనికి 'హైడ్రోజన్' అనే రెండో అర్థాన్ని అంటగట్టింది. యంత్రశాస్త్రం 'ఒత్తిడితో పనిచేసే ఏదైనా ద్రవం' అనే మూడో అర్థాన్ని తెచ్చింది. వైద్యంలో ఇది శరీరంలో ఊరే నీరులాంటి ద్రవాన్ని సూచిస్తుంది. ఏ మాట ఏ కాలంలో, ఏ శాస్త్రంలో పుట్టిందో తెలిస్తే దాని అర్థం దానంతట అదే తేలిపోతుంది.

దీన్ని 'ఉపసర్గ' అనవచ్చా?

వాడుకలో అంటున్నారు కానీ, వ్యాకరణం దృష్టితో చూస్తే 'పూర్వపదం' అనడమే సరైనది. సంస్కృత వ్యాకరణం చెప్పే ఉపసర్గలు ప్ర, పరా, అప, సమ్ మొదలైన 22 మాత్రమే. అవి ధాతువు ముందు చేరి దాని అర్థాన్ని తిప్పుతాయి, వాటికి విడిగా వస్తువాచకత్వం లేదు. 'హైడ్రో' అలాంటిది కాదు. దాని వెనుక 'నీరు' అనే పూర్తి నామవాచకం ఉంది. 'జలవిద్యుత్తు'లో జలం ఏ స్థానంలో ఉందో, 'హైడ్రోఎలక్ట్రిక్'లో హైడ్రో కూడా అదే స్థానంలో ఉంది. ఇంగ్లీషు నిఘంటువుల్లో కూడా జాగ్రత్తగా కూర్చినవి దీన్ని అసలైన ప్రిఫిక్సుల నుంచి వేరుచేసి, సమాసాల్లో వాడే రూపంగానే చూపుతాయి.

సంస్కృతంలోని 'ఉదకం'తో దీనికి సంబంధం ఉందా, లేక పోలిక మాత్రమేనా?

సంబంధం ఉంది, అదీ అప్పు సంబంధం కాదు, రక్తసంబంధం. గ్రీకు నుంచి సంస్కృతానికి గానీ, సంస్కృతం నుంచి గ్రీకుకు గానీ ఈ మాట వెళ్ళలేదు. రెండూ ఒకే ప్రాచీన మూలభాష నుంచి చీలిన శాఖలు, ఆ భాషలో నీటికి ఉన్న పేరును రెండూ తమతమ దారుల్లో తెచ్చుకున్నాయి. పూజలో పురోహితుడు 'శుద్ధోదక స్నానం సమర్పయామి' అని పలికినప్పుడు వినిపించే ఉదకం, పెళ్ళికి ముందు చేయించే ఉదకశాంతిలోని ఉదకం, సముద్రానికి పర్యాయపదంగా నిఘంటువుల్లో కనిపించే 'ఉదధి' – ఇవన్నీ హైడ్రోకు దాయాదులు. 'సముద్రం' అన్న మాటలో కూడా ఈ ధాతువే ఉంది. నీళ్ళన్నీ ఒకచోట చేరినది అని దాని వ్యుత్పత్తి. ఆర్.కె. బీచ్‌లో నిలబడి సముద్రం అన్నవారు తెలియకుండానే హైడ్రోకు చుట్టమైన మాటను పలుకుతున్నారు.

ఈ చుట్టరికం ఎంత దృఢమైనదో చూపించే ఆధారం ఒకటుంది. ఆ మూలభాషలో నీటి పేరుకు ఒక వింత లక్షణం ఉండేది: ప్రథమా, ద్వితీయా విభక్తుల్లో పదం చివర రకారం వచ్చేది, మిగతా విభక్తుల్లో దాని స్థానంలో నకారం వచ్చేది. గ్రీకు 'హ్యుదోర్' రకారాన్ని నిలుపుకుంది. సంస్కృతంలో వేదకాలపు రూపం 'ఉదన్', అంటే నకారాన్ని నిలుపుకుంది. ఇంగ్లీషు 'వాటర్'లో రకారం ఉంటే, స్వీడిష్ 'వాటెన్'లో నకారం ఉంది. ఈ రెండూ ఒకప్పుడు ఒకే పదానికి రెండు ముఖాలని పండితులు చేసిన ఊహకు ఋజువు మట్టి పలకల మీద దొరికింది. నేటి టర్కీ ప్రాంతంలో మూడువేల ఏళ్ళకు పైబడి మూగబోయి ఉన్న హిట్టైట్ భాషను చెక్ పండితుడు బెడ్రిచ్ హ్రోజ్నీ 1915లో ఛేదించి ప్రకటించాడు. రొట్టె తినడం గురించీ, 'వాతర్' తాగడం గురించీ చెప్పే ఒక వాక్యం ఆయనకు తాళంచెవిగా దొరికింది. ఆ భాషలో నీరు ప్రథమా విభక్తిలో 'వాతర్', షష్ఠిలో 'వెతెనస్'. రకారం, నకారం ఒకే పదంలో పక్కపక్కనే ఉన్నాయి.

మరి గ్రీకులో ముందున్న హకారం సంస్కృతంలో ఎందుకు లేదు? సంస్కృత సకారానికి గ్రీకులో హకారం రావడం మామూలే. సప్తకు 'హెప్టా' అలా వచ్చిందే. ఆ లెక్కన 'సుద' వంటి పూర్వరూపం ఉండేదేమోనని కొందరు అనుమానిస్తారు. అలాంటిదేమీ లేదు. ఏథెన్సు ప్రాంతపు గ్రీకులో పదాది ఉకారం వస్తే దాని ముందు హకారం పలకడం తప్పనిసరి నియమం. ఇక్కడి హకారం ఆ అలవాటు వల్ల చేరినదే.

రష్యన్ల 'వొదా', దానికి ముద్దుపేరైన 'వోడ్కా', ఐర్లండువారి నీటి మాట నుంచి వచ్చిన 'విస్కీ' కూడా ఈ వంశంలోనివే. ఇంగ్లీషులో నీటికుక్కను 'ఒటర్' అంటారు, సంస్కృతంలో 'ఉద్ర' అంటారు, గ్రీకులో అదే మాటకు నీటిపాము అని అర్థం వచ్చింది. నీటిలో తిరిగే జంతువు ఏదైనా సరే అన్నట్టు ఉంది.

నేటి గ్రీకులు నీటిని 'నెరో' అంటారట. మన 'నీరు' అక్కడి నుంచి వచ్చిందా?

రాలేదు. విన్నవారెవరికైనా ఆశ్చర్యం కలగడం సహజమే. నేటి గ్రీసులో మంచినీళ్ళ సీసా అడగాలంటే 'నెరో' అనే అడగాలి, 'హ్యుదోర్' అంటే ఎవరూ ఇవ్వరు. కానీ ఆ 'నెరో' ప్రాచీన గ్రీకులో 'తాజా' అనే అర్థమున్న విశేషణం నుంచి పుట్టింది. 'తాజా నీరు' అనే జంటపదంలో నీరు జారిపోయి, తాజా అన్నదే నీటికి పేరుగా నిలిచింది. మన 'నీరు' ద్రావిడ పదం. తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ ఉంది. సంస్కృతంలో కనిపించే 'నీరం' కూడా ద్రావిడ భాషల నుంచే అక్కడికి వెళ్ళిందని భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. కాబట్టి ధ్వని పోలికను చూసి వంశవృక్షం గీయకూడదు. 'జలం' కూడా ఈ 'హైడ్రో' కుటుంబానికి చెందినది కాదు.

హైడ్రోజన్‌కు ఆ పేరు ఎవరు పెట్టారు? దాన్ని తెలుగులో 'ఉదజని' అనడం అనువాదమేనా?

ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ 1766లో ఈ వాయువు ధర్మాలను వివరించినప్పుడు దాన్ని 'మండే గాలి' అనే అర్థమిచ్చే పేరుతోనే పిలిచాడు. అది ఆమ్లజనితో, అంటే ఆక్సిజన్‌తో, కలిసి మండితే నీరు పుడుతుందని, కాబట్టి నీరు మూలకం కాదని ఫ్రాన్సులో లావోజియే 1783 నాటికి నిలబెట్టాడు. నీటిని పంచభూతాల్లో ఒకటిగా, విడదీయరానిదిగా భావించే సంప్రదాయం మనకే కాదు, గ్రీకులకూ ఉండేది. దాన్ని కూలదోసిన ప్రయోగం ఇది. తరువాత 1787లో లావోజియే, గుయ్‌టన్ ద మోర్వో, బెర్తొలే, ఫూర్‌క్రుఆ కలిసి రసాయనాలకు కొత్త పేర్ల పద్ధతిని ప్రచురించినప్పుడు ఈ వాయువుకు 'హైడ్రోజెన్' అని పేరు పెట్టారు. నీటిని పుట్టించేది అని వారి ఉద్దేశం.

ఆ సంగతి వంటింట్లోనే చూడవచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలగిన్నెను తడి తుడిచి గ్యాసు పొయ్యి మీద పెట్టి, మంట వెలిగించిన కొద్ది క్షణాలకు అడుగు భాగాన్ని గమనిస్తే సన్నటి తడి పట్టి ఉంటుంది. గిన్నె వేడెక్కగానే ఆ తడి మాయమవుతుంది. వంటగ్యాసులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవగా పుట్టిన నీటి ఆవిరి, చల్లటి లోహానికి తగిలి నీరైంది. నీళ్ళను మరిగించడానికి వాడే మంటే నీళ్ళను తయారు చేస్తోందన్నమాట.

గ్రీకు వ్యాకరణం తెలిసినవారు ఈ పేరులో ఒక చిక్కు చూపిస్తారు. ప్రాచీన గ్రీకులో 'గెనెస్' చివర వచ్చే పేర్లకు 'పుట్టించేది' అని కాక 'పుట్టినది' అనే అర్థమే ఎక్కువగా ఉండేది. డయోజెనీస్ అనే తత్త్వవేత్త పేరుకు 'జ్యూస్ దేవుడికి పుట్టినవాడు' అని అర్థం. ఆ లెక్కన హైడ్రోజన్ నీటిని పుట్టించేది కాదు, నీటిలో పుట్టినది కావాలి, మన 'జలజం' లాగా. లావోజియే బృందం ఈ తేడాను పట్టించుకోలేదు, లోకం వారి అర్థాన్నే ఒప్పుకుంది. అయితే అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నం నుంచి శంకుస్థాపన చేశారు కదా. సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడమే గ్రీన్ హైడ్రోజన్ అంటే. అలా తీసినదానికి 'నీటి నుంచి పుట్టినది' అనే పాత గ్రీకు అర్థమే అతికినట్టు సరిపోతుంది.

ఇక 'ఉదజని' విషయం. ఇది లావోజియే పేరుకు చేసిన అనువాదమే, కానీ మామూలు అనువాదం కాదు. హైడ్రోకు దాయాది అయిన 'ఉద', గ్రీకు 'గెన్'కు దాయాది అయిన 'జన్' – రెండు ముక్కలూ గ్రీకు ముక్కలకు పుట్టుకతోనే బంధువులు. జర్మన్లు 'నీటి పదార్థం' అని అర్థం వచ్చేలా వేరే మాటలు కూర్చుకున్నారు. తెలుగు పాఠ్యపుస్తకాల నుంచి ఉదజని దాదాపు కనుమరుగు కావడం నా దృష్టిలో నష్టమే. అయితే పోటీపరీక్షలు రాసే పిల్లలకు హైడ్రోజన్ అన్నదే అవసరమన్న వాదనను కూడా కాదనలేము.

ఒక మాటలో 'హైడ్రో' నీటిని సూచిస్తోందో, హైడ్రోజన్‌ను సూచిస్తోందో ఎలా తెలుసుకోవాలి?

రెండో భాగాన్ని చూడాలి. అది ఒక మూలకం పేరో, సమ్మేళనం పేరో అయితే ముందున్న హైడ్రో దాదాపు ఎప్పుడూ హైడ్రోజన్. హైడ్రోకార్బన్ అంటే హైడ్రోజన్, కార్బన్ మాత్రమే ఉన్న పదార్థం. అందులో నీటిచుక్క కూడా ఉండదు. విశాఖలో 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిన రిఫైనరీలో శుద్ధయ్యేదంతా ఇదే. పెట్రోలు, డీజిలు, వంటగ్యాసులోని బ్యూటేన్, ప్రొపేన్ – అన్నీ హైడ్రోకార్బన్లే. పాత తెలుగు పుస్తకాలు దీన్ని 'ఉదకర్బనం' అన్నాయి. అక్కడ కూడా 'ఉద' అంటే ఉదకం కాదు, ఉదజనికి పొట్టిరూపం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురం పరిసరాలను కమ్మేసిన విషవాయువు స్టైరీన్ కూడా హైడ్రోకార్బనే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, హైడ్రోకార్టిసోన్ లేపనం, నూనెను డాల్డాగా గట్టిపరిచే హైడ్రోజనీకరణం ఈ కోవలోనివే.

రెండో భాగం ఒక క్రియనో, గుణాన్నో, శాస్త్రాన్నో చెబుతుంటే హైడ్రోకు నీరు అనే పాత అర్థమే ఉంటుంది. హైడ్రాలజీ నీటిని గురించిన శాస్త్రం. హైడ్రోఫోబిక్ అంటే నీటిని దగ్గరకు రానివ్వనిది. తామరాకు మీద నీటిబొట్టు ముత్యంలా నిలవడం ఆ గుణం వల్లనే. హైడ్రోలిసిస్ రసాయనశాస్త్రపు మాటే అయినా అక్కడ నీటితో పదార్థాన్ని విడగొట్టడమే జరుగుతుంది కాబట్టి అర్థం నీరే. మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటిలో మొక్కలు పెంచే హైడ్రోపోనిక్స్‌లో రెండో భాగానికి గ్రీకులో శ్రమ అని అర్థం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గెరికీ 1937లో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు.

మరి హైడ్రేట్, హైడ్రైడ్, హైడ్రాక్సైడ్ మధ్య తేడా?

హైడ్రైడ్‌లో ఉండేది హైడ్రోజన్, హైడ్రాక్సైడ్‌లో ఉండేది హైడ్రోజన్‌తో జతకట్టిన ఆక్సిజన్, హైడ్రేట్‌లో ఉండేది నీటి అణువు. హైడ్రేట్‌ను కళ్ళతో చూడాలంటే మైలుతుత్తం చాలు. నీలిరంగు పలుకును పరీక్షనాళికలో వేసి సన్నని సెగ మీద వేడిచేస్తే, నాళిక మూతి దగ్గర నీటిబిందువులు పేరుకుంటాయి, పలుకు క్రమంగా పాలిపోయి తెల్లటి పొడి అవుతుంది. చల్లారిన ఆ పొడి మీద ఒక్క నీటిచుక్క వేస్తే నీలం తిరిగి వస్తుంది. ప్రతి కాపర్ సల్ఫేట్ ప్రమాణానికీ అయిదు నీటి అణువులు స్ఫటికంలో అంటిపెట్టుకుని ఉండటం వల్ల ఆ రంగు వచ్చింది. నీరు పోయిన పొడిని 'అన్‌హైడ్రస్' అంటారు. గ్రీకులో 'అన్' లేమిని చెబుతుంది, సంస్కృతంలోనూ అంతే. నీరు లేనిది అనడానికి సంస్కృతంలో ఉన్న 'అనుదకం' అనే మాట, అన్‌హైడ్రస్ పక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి.

పై నియమానికి లొంగని మాట కార్బోహైడ్రేట్. గ్లూకోజు సూత్రంలో ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు ఉంటాయి. అంటే ఒక్కొక్క కార్బన్‌కు సరిగ్గా ఒక నీటి అణువు లెక్క వస్తుంది. దాన్ని చూసి పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞులు ఇవి కార్బన్‌కు నీరు పట్టగా ఏర్పడినవని భావించి ఆ పేరు పెట్టారు. అందులో నీటి అణువులు విడిగా లేవని తరువాత తేలినా పేరు మారలేదు.

హైడ్రాలిక్ యంత్రాల్లో నూనె ఉంటుంది కదా, నీటి పేరు ఎందుకు?

ఆ పేరు పుట్టినప్పుడు నూనె లేదు, నీరే ఉంది. పైగా అది బరువులెత్తే యంత్రం కాదు, సంగీతవాద్యం. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న క్టెసిబియస్, నీటి ఒత్తిడితో గాలిని గొట్టాల్లోకి పంపి మోగించే వాద్యాన్ని తయారుచేశాడు. నీరుకు 'హ్యుదోర్', పిల్లనగ్రోవికి 'ఔలోస్' కలిసి దాని పేరు 'హ్యుద్రౌలిస్' అయింది. అలాంటి వాద్యపు అవశేషాలు 1992లో గ్రీసులోని దియోన్ తవ్వకాల్లో బయటపడ్డాయి. కాలక్రమంలో పిల్లనగ్రోవి గొట్టంగా మాత్రమే మిగిలి, గొట్టాల్లో పారే నీటితో చేసే ప్రతి పనికీ హైడ్రాలిక్ అన్న పేరు వచ్చింది. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా పాకుతుందని పాస్కల్ పదిహేడో శతాబ్దంలో చెప్పాడు. ఆ సూత్రం మీద జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంట్ తీసుకున్నాడు. నీరు ఇనుమును తుప్పు పట్టిస్తుంది, కందెనగా పనిచేయదు. అందుకే తరువాత నూనె వచ్చింది. పేరు మాత్రం నీటిదే.

మన వర్క్‌షాపుల్లో ఈ మాట ఇంకా కుదించుకుపోయింది. ఉక్కు కర్మాగారంలో గానీ, ఆటోనగర్‌లో గానీ 'హైడ్రా తెప్పించండి' అంటే, ముందుకు చాచిన బూమ్‌తో, వేలాడే కొక్కెంతో, ఎత్తిన బరువును అలాగే మోసుకుంటూ నడిచే పసుపురంగు క్రేన్ అని అందరికీ తెలుసు. బూమ్ కింద మెరుస్తూ సాగి ముడుచుకునే ఉక్కు కడ్డీలే హైడ్రాలిక్ సిలిండర్లు. క్రేన్ కంపెనీ ఒక రకానికి పెట్టుకున్న పేరు, ఆ తరహా క్రేన్లన్నిటికీ అతుక్కుపోయింది.

వైద్యంలో ఈ పదభాగం ఎక్కడెక్కడ వస్తుంది?

చాలాచోట్ల వస్తుంది, ఎక్కువ మాటల్లో చేరకూడని చోట చేరిన నీరు అని అర్థం. హైడ్రోసిల్‌ను మనవాళ్ళు వరిబీజం అంటారు; గ్రీకులో 'కేలే' అంటే వాపు. బోదకాలును కలిగించే క్రిములే ఉత్తరాంధ్రలో చాలామందికి దీన్ని కూడా తెచ్చిపెట్టాయి. హైడ్రోకెఫలస్ తలలో, హైడ్రోనెఫ్రోసిస్ మూత్రపిండంలో ద్రవం చేరడం.

హైడ్రోఫోబియా సంగతి వేరు. రేబిస్ సోకినవారికి నీటిని మింగబోతే గొంతు కండరాలు భరించలేని విధంగా పట్టేస్తాయి. తరువాత నీటిని చూసినా అదే జరుగుతుంది. ఈ లక్షణాన్ని గ్రీకులు 'నీటిభయం' అన్నారు, మన సుశ్రుతుడు 'జలత్రాసం' అన్నాడు. ఇద్దరూ రోగిని దగ్గరగా గమనించే ఆ పేరు పెట్టారు. ఈ లక్షణం కనిపించాక ప్రాణం నిలవడం అత్యంత అరుదు కాబట్టి, కుక్క కరచిన వెంటనే గాయాన్ని సబ్బుతో కడిగి ఆ రోజే టీకా కోసం వెళ్ళాలి.

డీహైడ్రేషన్‌లో 'డీ' లాటిన్, 'హైడ్ర్' గ్రీకు. శరీరం నీటితోపాటు లవణాలను కూడా కోల్పోతుంది కాబట్టి వట్టి నీళ్ళు చాలవు, ఓఆర్‌ఎస్ కావాలి. ఆ పొట్లం పేరులోని మధ్య అక్షరం 'రీహైడ్రేషన్'కు గుర్తు.

నౌకాదళంలో వినిపించే హైడ్రోగ్రఫీ, హైడ్రోఫోన్, హైడ్రోప్లేన్ అంటే ఏమిటి?

హైడ్రోగ్రఫీ సముద్రగర్భపు లోతులను, అడుగున ఉన్న గుట్టలను, ప్రవాహాలను కొలిచి నావికులకు పటాలు గీయడం. ఈ పనికి నిర్మించిన ఐఎన్ఎస్ సంధాయక్ 2024 ఫిబ్రవరి 3న విశాఖపట్నంలోనే నౌకాదళంలో చేరింది; అదే పేరున్న పాత నౌక కూడా 2021లో ఇక్కడే విరమించింది. అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ 1921 జూన్ 21న మొదలైంది కాబట్టి ఏటా ఆ రోజును ప్రపంచ హైడ్రోగ్రఫీ దినంగా పాటిస్తారు. హైడ్రోఫోన్ నీటిలోని శబ్దాన్ని వినే మైకు. జలాంతర్గామి ముక్కు పైకెత్తడానికి, కిందికి దించడానికి తోడ్పడే అడ్డ రెక్కలే హైడ్రోప్లేన్లు. బీచ్ రోడ్డులో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిని చూడడానికి వెళ్ళినప్పుడు చాలామంది లోపలి ఇరుకు మంచాలనే చూసి వచ్చేస్తారు. బయట తోక వైపు, ప్రొపెల్లర్ల దగ్గర ఉన్న రెక్కలను కూడా ఒకసారి చూడాలి. ద్రవాల కదలికను, వాటిలో కదిలే వస్తువుల మీద పనిచేసే బలాలను వివరించే శాస్త్రం హైడ్రోడైనమిక్స్. ఆ పేరు డేనియల్ బెర్నూలీ 1738లో ప్రచురించిన గ్రంథంతో వ్యాపించింది.

'హైడల్' అన్న మాట ఎక్కడిది?

హైడ్రో, ఎలక్ట్రిక్ రెండింటినీ కత్తిరించి అతికించినది. ఇది ప్రధానంగా మన ఉపఖండపు వాడుక. ఇంగ్లండులోనో అమెరికాలోనో అంటే చాలామందికి తెలియదు. డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ నది మీది జలవిద్యుత్ కేంద్రం 1955లో విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టింది, ఆంధ్ర, ఒడిశా దాన్ని పంచుకుంటున్నాయి. అదే నది కిందికి వచ్చేసరికి సీలేరు అవుతుంది. ఎగువ సీలేరు, దిగువ సీలేరు కేంద్రాల్లోనూ హైడల్ కరెంటు తయారవుతుంది.

హైగ్రోమీటర్, హైదరాబాద్, హైడ్రా – వీటికీ దీనికీ సంబంధం ఉందా?

హైగ్రోమీటర్‌కు లేదు. 'హ్యుగ్రోస్' అంటే గ్రీకులో తేమగా ఉన్నది. అది వేరే ధాతువు. విశాఖలో ఒళ్ళు జిడ్డుగా, ఉక్కపోతగా ఉన్న రోజున గాలిలో తేమ ఎంతో చెప్పేది హైగ్రోమీటర్. ద్రవం సాంద్రతను చెప్పేది హైడ్రోమీటర్. పాలలో నీళ్ళు కలిపారేమో చూసే లాక్టోమీటర్ ఈ రెండో రకానిదే. పరీక్షల్లో ఈ జంటను తారుమారు చేసి మార్కులు పోగొట్టుకునేవారు ప్రతి ఏడూ ఉంటారు.

హైదరాబాద్ పేరులోని 'హైదర్' సింహమనే అర్థమున్న అరబ్బీ మాట. ఆ నగరంలో చెరువుల ఆక్రమణలను తొలగించడానికి 2024లో ఏర్పడిన సంస్థ పేరు 'హైడ్రా' కూడా నగరం పేరుతో మొదలయ్యే పొడి అక్షరాల కూర్పే. చెరువుల పని చేసే సంస్థకు నీటి మాట దొరకడం చిత్రమే గానీ, గ్రీకుతో పుట్టుక సంబంధం లేదు.

గ్రీకు పురాణంలో హెరక్లీస్ చంపిన అనేక తలల నీటిపాము హైడ్రాకు మాత్రం నిజమైన సంబంధం ఉంది. ఒక తల నరికితే రెండు మొలిచేవి. మంచినీటి కుంటల్లో ఉండే, ముక్కలుగా కోసినా తిరిగి పెరిగే చిన్న జీవికి, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ అందుకే ఆ పేరు ఖాయం చేశాడు.

పాదరసానికి 'హెచ్‌జి' అనే సంకేతం ఎందుకు?

'హైడ్రార్జిరమ్' అన్న పేరుకు అది సంక్షిప్తం: నీటిలా పారే వెండి. 'అర్గురోస్' అంటే గ్రీకులో వెండి, మన 'రజతం'కు దాయాది.

తెలుగులో రాసేటప్పుడు హైడ్రో, ఉద, జల – వీటిలో ఏది వాడాలి?

జలవిద్యుత్తు, జలాంతర్గామి, జలశాస్త్రం వంటివి స్థిరపడిపోయాయి. అక్కడ 'హైడ్రో' అవసరం లేదు. హైడ్రోజన్ అర్థం ఉన్నచోట 'జల' వాడితే తప్పు అవుతుంది. హైడ్రోకార్బన్‌ను 'జలకర్బనం' అని రాస్తే చదివినవారు అందులో నీరుందనుకుంటారు. 'ఉదకర్బనం' అనడమో, హైడ్రోకార్బన్ అని ఉంచేయడమో మేలు. యంత్రాల విషయంలో హైడ్రాలిక్‌కు 'జలచాలిత' అనడం కూడా సరిపోదు, లోపల ఉన్నది నూనె కాబట్టి. మెకానిక్కు ఎలాగూ హైడ్రాలిక్ అనే అంటాడు. మరొక జాగ్రత్త: లాటిన్ 'ఆక్వా'ను హైడ్రోకు బదులు వాడలేము. మన జిల్లాల్లో ఆక్వా అంటే రొయ్యల, చేపల చెరువుల సాగు అనే అర్థం పాతుకుపోయింది. 'ఆక్వా పవర్' అని రాస్తే జలవిద్యుత్తు అని ఎవరూ అనుకోరు. వర్ణక్రమంలో 'హైడ్రో' తరువాతి పదంతో కలిపి రాయడమే పద్ధతి. 'హైడ్రో కార్బన్' అని విడదీస్తే అది రెండు వస్తువుల పేరులా కనిపిస్తుంది.